రెండో పేజీ

పళ్ళ డాక్టరుగారి బండి సోమవారం పొద్దున్న పదింటికి షెడ్డులోకి వచ్చింది. డాష్‌బోర్డు మీద పసుపు రంగులో ఇంజను బొమ్మ వెలుగుతోంది. ఎంత తొక్కినా బండి ముసలి గేదెలా కదలనంటోందని డ్రైవరు చెప్పాడు. డాక్టరుగారు వెనకసీటులోంచి దిగి, చొక్కా సర్దుకుని, "మెషీన్ పెట్టి చూడండి. అసలు సంగతేమిటో నాకు తెలియాలి" అన్నారు.

మెషీన్ పెట్టడం స్కానరక్క పని. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ పదకొండేళ్ళుగా షెడ్డులో ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతం కవరు మీద కూడా స్కానర్ అనే ఉంటుంది. యాభైకి రెండేళ్ళు తక్కువ. షెడ్డు మూల అద్దాల గది ఆమెది. గ్రీజు చేతులతో అద్దాలు ముట్టుకోవద్దని ఓనరు ఎప్పుడో ఒకసారి కేకలేశాడు. అప్పటినుంచి మేస్త్రీలు గదిలోకి రావడం మానేశారు. బయటే నిలబడి ఏ బండో వేలితో చూపించి పోతారు. మధ్యాహ్నం వాళ్ళంతా లిఫ్టు పక్కన నేలమీద గుండ్రంగా కూచుని క్యారేజీలు విప్పుకుంటారు. ఆమె గదిలో తింటుంది. ఆమెను ఎవరూ రావద్దనలేదు. రమ్మన్నవాళ్ళూ లేరు.

"అక్కా, ఒకసారి నీ మెషీను మా ఆవిడకి పెట్టి చూడు. మూడురోజులుగా పలకడంలేదు. ఏ కోడో తెలిస్తే పుణ్యం ఉంటుంది" అని చిన్న మేస్త్రి నెలకోసారైనా అంటాడు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. 'ఆ కోడు నువ్వేరా నాయనా' అనే జవాబు తట్టేసరికి అతను మరో బండి కింద దూరిపోయి ఉంటాడు.

ఆమె డ్రైవరు సీటు పక్కన గొంతుక్కూర్చుని స్టీరింగు కింద చెయ్యి పెట్టి తడిమింది. సాకెట్టు దొరికింది. తీగ గుచ్చి, తాళం ఒక మెట్టు తిప్పి, తెర మీద గీతలు పాకడం చూస్తూ కూచుంది. ఈ అరనిమిషం అంటే ఆమెకు ఇష్టం. బండి తన గోడు చెప్పుకోవడానికి గొంతు సవరించుకుంటున్నట్టుంటుంది.

కోడంటే రోగం పేరు కాదు. ఇంజను లోపలి కంప్యూటరుకి ఏం కనబడిందో అది చెప్పే మాట, అంతే. ఫలానా సెన్సరు కోడు వచ్చిందని ఆ సెన్సరు పీకి కొత్తది బిగించే షెడ్లు బోలెడు. పాపం ఆ సెన్సరు చేసిన తప్పల్లా నిజం చెప్పడమే. అందుకే స్కానరక్క తనకో కట్టుబాటు పెట్టుకుంది. మెషీను ఎంత చెబితే అంతే చెప్పాలి, ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదు. ఆ కట్టుబాటు మీద ఆమెకు కొంచెం గర్వం కూడా ఉంది.

తెర మీద కోడు వచ్చింది. పి రెండు నాలుగు ఆరు మూడు.

"ఏమిటది?" అన్నారు డాక్టరుగారు, భుజం మీంచి వంగి.

"మసి ఫిల్టరు నిండిపోయిందండీ. డీజిలు పొగలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది కదా, పొగగొట్టంలో. బండి జోరుగా దూరం పోతే ఆ వేడికి మసి దానంతటదే కాలిపోతుంది. నిలబెట్టిన చోట ఇంజను ఆన్‌లో ఉంటే వేడి చాలదు. మసి పేరుకుంటుంది. డెబ్బయ్యెనిమిది శాతం నిండింది. తొంభై దాటితే ఫిల్టరు తీసి పారెయ్యడమే."

"అంటే, బండి నిలబెట్టి ఇంజను ఆన్‌లో ఉంచుతున్నారా ఎవరో?"

"గంటలకొద్దీ. ఈ నెలలోనే చాలాసార్లు."

డాక్టరుగారు నిటారుగా లేచారు. డ్రైవరు బానెట్టు పక్కన నిలబడి పసుపు గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. తుడవాల్సిందేమీ లేదు, చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి తుడుస్తున్నాడు.

"అదీ సంగతి! డీజిలు ఇంత ఎందుకు తాగుతోందా అనుకుంటున్నాను. నేను లోపల పేషెంట్ల నోళ్ళలో తల పెట్టుకుని చస్తుంటే, ఈయనగారు బయట ఏసీ వేసుకుని నిద్రపోతున్నారన్నమాట." ఆయన ఆమె వైపు తిరిగారు. "అంతేగా, మేడమ్?"

స్కానరక్క తల ఊపింది.

ఎందుకు ఊపిందో ఎవరైనా అడిగితే ఆమే చెప్పలేకపోయేది. మెషీను డ్రైవరు పేరు చెప్పలేదు. కానీ గోడ నీడన బండి ఆపి సీటు వెనక్కి వాల్చిన డ్రైవర్లను ఎంతమందిని చూసింది! అదీగాక, ఒక పెద్దమనిషి అంతేగా అని అడిగినప్పుడు తల దానంతటదే కిందికీ పైకీ ఆడుతుంది.

డాక్టరుగారు చెయ్యి చాచారు. "తాళాలు ఇటివ్వు. రేపట్నుంచి రానక్కర్లేదు."

షెడ్డులో స్పానర్ల చప్పుడు ఆగిపోయింది. డ్రైవరు ఏదో అనబోయి, డాక్టరుగారి ముఖంలోకి చూసి, నోరు మూసుకున్నాడు. అతని ఇంటి తాళాలూ బండి తాళాలూ ఒకే గుత్తిలో ఉన్నాయి. ఇంటివి గోటితో విడదీసి జేబులో వేసుకున్నాడు. బండివి ఆయన అరచేతిలో పెట్టాడు. పసుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టి ముందు సీటు మీద ఉంచి, తలవంచుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. పరిగెత్తలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.

"ఈ కాగితం నాకొకటి ఇవ్వండి" అన్నారు డాక్టరుగారు.

మెషీనులో ఏ నివేదికకైనా రెండు పేజీలుంటాయి. మొదటి పేజీలో కోడు, దాని అర్థం, కొలతలు, ఎన్నిసార్లు జరిగిందో ఆ లెక్క. రెండో పేజీలో అవి ఎప్పుడెప్పుడు జరిగాయో ఆ తేదీలూ, గంటలూ. రెండో పేజీ ఎవడు చదువుతాడమ్మా, కాగితం దండగ అని ఓనరు మొదటి ఏడాదే ఆపించేశాడు. స్కానరక్క అలవాటుగా మొదటి పేజీ ఒక్కటే తీసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

సాయంత్రం ఆరున్నరకి షెడ్డు మూస్తారు. ఆమె ఏడింటిదాకా అద్దాల గదిలో ఏవో తీగలు చుడుతూ కూచుని, అప్పుడు బయల్దేరుతుంది. ఆరేళ్ళుగా దర్జీ కొట్టు మీది గదే ఆమెది. తలుపు తియ్యకముందే లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మెట్ల మీదికి వినిపిస్తుంది. పొద్దున్న పోతూ ఫ్యాను ఆపదు. మొదట్లో మరిచిపోయేది. తర్వాత మరిచిపోవడం మానేసింది గానీ ఆపడం మొదలుపెట్టలేదు. తలుపు తీయగానే ఏదో ఒకటి కదులుతూ కనబడితే బాగుంటుంది. పాత ఫ్యాను, డబ్బాలో ఇసుక ఆడించినట్టు గరగరమంటుంది. ఆ గరగరలోనే అన్నం వండుకుని, తిని, ఆ గరగరలోనే పడుకుంటుంది.

ఆరోజు మాత్రం పసుపు గుడ్డ మడతలు కళ్ళల్లో మెదిలి చాలాసేపు నిద్ర పట్టలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం ఆమె క్యారేజీ మూత తీస్తుండగా అద్దం మీద ఎవరో తట్టారు. డ్రైవరు. నిన్నటి ఇస్త్రీ చొక్కానే వేసుకున్నాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి వచ్చాడు. కారు షెడ్డులో చెప్పులు విప్పిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

"భోజనం టైములో వచ్చాను, ఏమనుకోకండమ్మా."

"ఫర్వాలేదు, కూచోండి."

అతను కూచోలేదు. "మా డాక్టరుగారి అపార్ట్‌మెంట్లోనే రెండో అంతస్తులో లాయరుగారికి డ్రైవరు కావాలి. పొద్దున్న వెళ్ళి అడిగాను. నీ సంగతి మెషీన్లోనే వచ్చిందటగా అన్నారు. డాక్టరుగారు ఆ కాగితం చూపించారట." అతను చేతులు నలుపుకున్నాడు. "మనిషి చెబితే కాదని ఎదురు చెప్పొచ్చు. మెషీను చెప్పిందంటే ఇంకేం మాట్లాడతాం? ఈ వయసులో ఈ మాట పడితే నన్నెవరు పెట్టుకుంటారమ్మా? మా పాప కాలేజీకి పోతోంది ఇంకా."

స్కానరక్క మూత మళ్ళీ పెట్టేసింది. "నేనేం చెయ్యగలను?"

"ఆ కాగితం మార్చి రాయండి."

"ఏమని?"

"తప్పు బండిదని రాయండి. ఏదో పార్టు పోయిందనండి. పదేళ్ళ బండి, ఏదో ఒకటి పోతుంది కదా. బండి మీద వేసెయ్యండి, దానికేం బాధ ఉండదు."

ఆమెకు చర్రుమంది. పదకొండేళ్ళలో ఒక్క కాగితం మార్చి రాయలేదు. ఓనరు అడిగినా రాయలేదు, మంచి పార్టుని చెడిపోయిందని రాయమన్న మేస్త్రీలతో గొడవలు పడింది. "లేనిది రాయమంటే నా వల్ల కాదండీ. మీరు పడుకోలేదంటే పడుకోలేదని ఆయనతో చెప్పుకోండి. తప్పు చెయ్యనివాళ్ళు తప్పు బండిదనరు."

డ్రైవరు ముఖం వాడిపోయింది. కోపం మాత్రం రాలేదు. "తొమ్మిదేళ్ళమ్మా. ఆదివారాలు సెలవు, అవి తప్ప ఒక్కరోజు నాగా పెట్టలేదు. సాయంత్రం ఆరూపావుకి సెల్లారులో బండి పెట్టి, అయ్యగారు నువ్వెళ్ళు అంటే ఆరున్నర బస్సుకి పరిగెత్తుతాను. అది తప్పితే మళ్ళీ ఎనిమిదింటికే. మా ఆవిడ వీధి గుమ్మంలో నిలబడి ఉంటుంది."

"మరి ఇదే ఆయనకు చెప్పండి."

"ఎలా చెప్పనమ్మా?"

"నోటితో."

 అతను బయట లిఫ్టు మీదున్న డాక్టరుగారి బండి వైపు ఒకసారి చూశాడు. "కొన్ని చెప్పకూడదు లెండి. ఆయన పెద్దమనిషి. అమ్మగారు పోయి రెండేళ్ళయింది. మీకు వీలైతే బండి మీద వెయ్యండి. వీలుకాకపోతే మా ఖర్మ." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

క్యారేజీలో అన్నం చల్లారిపోయింది. ఆమె తినలేదు. బయట మేస్త్రీలు ఎవరి మీదో జోకేసుకుని పగలబడి నవ్వుతున్నారు. ఆమె మెషీను తెరిచి, నిన్నటి నివేదిక పైకి లాగి, పదేళ్ళుగా ముట్టుకోని గుర్తు మీద వేలు పెట్టింది. రెండో పేజీ.

తేదీలు వరసగా దిగాయి. ఇంజను ఆన్, వేగం సున్నా. మొదటిది సాయంత్రం ఆరూ ఇరవైనాలుగు నుంచి ఏడూ ముప్పయ్యొకటి దాకా. మర్నాడు ఆరూ ఇరవైరెండు నుంచి ఏడూ నలభై. ఆ మర్నాడూ అంతే. పనిరోజుల్లో ఒక్కటి కూడా పగటిపూట లేదు, ఆసుపత్రి ముందు బండి ఆగి ఉండే వేళల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆమె వేలితో తేదీలు కిందికి జరుపుతూ పోయింది. ఆదివారం దగ్గర వేలు ఆగింది. మధ్యాహ్నం మూడూ పదికి ఇంజను ఆన్. నాలుగూ ఇరవైకి ఆఫ్. కదిలిన దూరం సున్నా. ముందు ఆదివారం కూడా. అంతకుముందు ఆదివారం రెండుసార్లు.

డ్రైవరు సెలవులో ఉండగా, ఎవరో ఇంట్లో ఉండే రెండో తాళంతో పైనుంచి దిగివచ్చి, ఎక్కడికీ పోకుండా గంటకు పైగా బండిలో కూచుని, మళ్ళీ పైకి వెళ్ళిపోయారు.

ఆ ఎవరో ఎవరో ఆమెకు తెలిసిపోయింది. డ్రైవరు ఎందుకు నోరు మెదపలేదో కూడా తెలిసింది. తప్పు తన మీద ఉంచుకోలేడు, ఆయన మీద వెయ్యలేడు. అందుకని బండి మీద వెయ్యమన్నాడు. అలాంటి మనిషిని పట్టుకుని తప్పు చెయ్యనివాళ్ళు ఇలా అనరని అంది. ఆమెకు సిగ్గేసింది. 

సాయంత్రం ఓనరుతో చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు. "వాళ్ళింటి గొడవలు మనకెందుకమ్మా? కొత్త ఫిల్టరు వేసి పంపించేద్దాం. ఆయన సంతోషంగా వెళ్తాడు, మనమూ సంతోషంగా ఉంటాం."

"డెబ్బయ్యెనిమిదికి కొత్త ఫిల్టరెందుకండీ? రోడ్డు మీద నలభై నిమిషాలు ఆపకుండా నడిపితే కాలిపోతుంది."

"నడిపేదెవరు? కస్టమరు బండిని రోడ్డు మీదికి తీసుకుపోతే కస్టమరో, వాళ్ళ డ్రైవరో నడపాలి. రూలు తెలుసుగా?"

"తెలుసు. డ్రైవరు లేడు కదా. డాక్టరుగారినే రమ్మనండి."

*

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి డాక్టరుగారు వచ్చారు. తొమ్మిదేళ్ళుగా వెనకసీటులో కూచునే మనిషి. స్టీరింగు ముందు కూచుని అద్దాలు సరిచేసుకోవడానికే ఐదు నిమిషాలు తీసుకున్నారు. పసుపు గుడ్డ సీటు మీద ఇంకా అలాగే మడతపెట్టి ఉంది. ఆయన దాన్ని తీసి ఎక్కడ పెట్టాలో తోచక వెనక్కి విసిరారు. ఆమె పక్క సీటులో కూచుని, తీగ గుచ్చి, మెషీను ఒళ్ళో పెట్టుకుంది.

"ఊరి చుట్టూ వేసిన కొత్త రోడ్డెక్కండి. వేగం డెబ్బైకి తగ్గకుండా పోనివ్వండి. మసి కాలడం మొదలైతే నేను చెప్తాను. ఒకసారి మొదలయ్యాక పూర్తయ్యేదాకా ఆపకూడదు. మధ్యలో ఆపితే పని పాడవుతుంది."

"ఏం జరిగినా?"

"ఏం జరిగినా."

కొత్త రోడ్డు ఎక్కాక పది నిమిషాలకి పొగగొట్టం వేడి ఐదువందల డిగ్రీలు దాటింది. "మొదలైంది" అందామె. డెబ్బయ్యెనిమిది. డెబ్బయ్యారు. అంకెలు ఒక్కొక్కటే దిగుతుంటే బయటికి చదువుతోంది. ఆయన పరీక్ష రాస్తున్న పిల్లాడిలా రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నారు. డెబ్బై దగ్గర ఆమె సంచీలోంచి కాగితం తీసింది. తీసి, మడత విప్పకుండా చాలాసేపు పట్టుకుంది. ఈ మాట చెబితే ఆయన ఓనరుతో చెబుతారు. ఓనరు తనతో ఏం చెబుతాడో తెలియదు. అరవై ఆరు దగ్గర విప్పింది.

"డాక్టరుగారూ, సోమవారం నేను మీకొక పేజీయే ఇచ్చాను. రెండో పేజీ ఉంది. అది చూడకుండానే తల ఊపాను. నాదే పొరపాటు."

"ఏముంది అందులో?"

"టైములు."

"చదవండి."

ఆమె చదివింది. ఆరూ ఇరవైనాలుగు నుంచి ఏడూ ముప్పయ్యొకటి. ఆరూ ఇరవైరెండు నుంచి ఏడూ నలభై. గొంతు ఎత్తలేదు, దించలేదు. మసి శాతం చదివినట్టే చదివింది. ఆదివారం దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్క క్షణం ఆగి, అదీ చదివింది. కదిలిన దూరం సున్నా.

 బండి వేగం అరవైకి పడిపోయింది.

"తగ్గించకండి."

ఆయన తొక్కారు. పక్కనించి ఇసుక లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఎక్కడైనా గదిలో అయితే ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయేవారు, ఫోను తీసేవారు, మిమ్మల్ని ఇవన్నీ ఎవరడిగారనేవారు. ఇక్కడ ముందుకు చూడ్డం తప్ప దారి లేదు.

"ఐదు నిమిషాలనుకునేవాణ్ణి" అన్నారు చివరికి.

ఆమె తెర మీది అంకె చూసింది.

"నిజంగా. నువ్వెళ్ళు, ఒక ఫోను చేసుకుని పైకెళ్తా అనేవాణ్ణి అతనితో. ఫోనేం లేదు. కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు కూచుందామని... సోమవారం అతన్ని పంపేసినప్పుడు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసని చెప్పాలన్నా నోరు రావడంలేదు." స్టీరింగు మీద చేతులు సర్దుకున్నారు. "పైకెళ్తే లైటు నేనే వేసుకోవాలమ్మా. ముప్ఫై ఏళ్ళు ఎప్పుడూ వేసుకోలేదు. ఇంజను నడుస్తున్నంతసేపు ఇంకా ఇంటికి చేరనట్టే ఉంటుంది."

 స్కానరక్కకు ఆ మాట ఎవరో తన గదిలోంచి ఎత్తుకొచ్చినట్టుంది. తెర వైపు చూస్తూ, "నలభై ఎనిమిది" అంది.

"ఈ కాగితం ఇంకెవరు చూశారు?"

"నేనొక్కదాన్నే."

"అతనికి తెలుసా?"

"ఆయనకు కాగితం అక్కర్లేదండీ. నిలబెట్టిన బండి నిలబెట్టినట్టే ఉండగా డీజిలు ముల్లు కిందికి దిగి ఉండటం రోజూ పొద్దున్నే చూసేది ఆయనేగా."

డాక్టరుగారు తల తిప్పి చూడబోయి, రోడ్డు గుర్తొచ్చి మళ్ళీ ముందుకు చూశారు. "తెలిసీ నిలబడ్డాడా? అందరి ముందూ తాళాలు అడిగితే తెలిసీ ఇచ్చేశాడా? ఒక్క మాట అనలేదే."

"నిన్న నా దగ్గరికి వచ్చారు. కాగితం మార్చి రాయమన్నారు."

"ఏమని? నా పేరా?"

"కాదండీ. తప్పు బండిదని రాయమన్నారు."

ముప్ఫై ఐదు నుంచి ఇరవై రెండు దాకా ఆమె అంకెలు చదువుతూ పోయింది. డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసి మణికట్టుతో కళ్ళు తుడుచుకున్నారు, ఒక చెయ్యి స్టీరింగు మీదే ఉంచి. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఎదుటివాళ్ళు కళ్ళు తుడుచుకునేటప్పుడు అటు తిరగడం తప్ప ఆమెకు ఇంకేమీ చేతకాదు.

"అతని ఇల్లెక్కడ?" అన్నారు పద్దెనిమిది దగ్గర. "తొమ్మిదేళ్ళు నన్ను ఇంటికి చేర్చాడు. వాళ్ళిల్లెక్కడో ఒక్కరోజు అడగలేదు."

సోమవారం బండి అప్పగించినప్పుడు డ్రైవరు ఫారంలో రాసిన చిరునామా ఆమెకు గుర్తుంది. నీళ్ళ ట్యాంకు వెనక సందు, మూడో ఇల్లు. కొత్త రోడ్డు దిగేసరికి తొమ్మిది. సందు మలుపులో ఆరు. "అయిపోయింది. ఇక ఆపొచ్చు" అందామె.

ఆయన ఆ ఇంటి ముందు బండి నిలిపారు. తాళం మీద చెయ్యి పెట్టారు గానీ తిప్పలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. నిమిషం, రెండు నిమిషాలు. వేగం సున్నా. తెర మీద ఆ వరస కొత్తగా మళ్ళీ మొదలైంది.

"డాక్టరుగారూ" అంది నెమ్మదిగా. "ఆపాలి."

ఆ చప్పుడు ఎవరి బండిదో గుర్తుపట్టినట్టున్నాడు, డ్రైవరే తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. స్టీరింగు ముందున్న మనిషిని చూసి కంగారుగా మెట్లు దిగాడు. "అయ్యగారూ! మీరు నడిపారా?"

డాక్టరుగారు తాళం తిప్పారు. ఇంజను ఆగిపోయింది. ఒక్కసారిగా సందంతా వినబడింది. ఎక్కడో గిన్నెలు, ఎక్కడో పిల్లల పాఠం. ఆయన తలుపు తీసుకుని దిగి, డ్రైవరు ఎదురుగా నిలబడ్డారు.

"తప్పు నాదయ్యా."

"అబ్బే, బండి పాతబడింది కదండీ..."

"బండిది కాదు. నాది. కాగితంలో ఉంది. లాయరుగారికి కూడా ఇదే చూపిస్తాను, నేనే చదివి వినిపిస్తాను." తాళాలు చాచారు.  "వస్తావా?"

డ్రైవరు తాళాలు అందుకోలేదు. మొదట వెనకసీటు మీది పసుపు గుడ్డ కిటికీలోంచి తీసి, అద్దం మీద పడ్డ దుమ్ము ఒక చారగా తుడిచాడు. తర్వాత అందుకున్నాడు. "ఆరున్నర బస్సు సంగతి మాత్రం మరిచిపోండి అయ్యగారూ. రేపట్నుంచి మీరు పైకెళ్ళి లైటు వేసినట్టు కింది నుంచి కనబడ్డాకే నేను కదిలేది."

 లోపలినుంచి డ్రైవరు భార్య కుర్చీ జరుపుతూ, "నిలబెట్టి మాట్లాడతారేమిటండీ, లోపలికి రమ్మనండి. ఆవిణ్ణి కూడా" అని పిలిచింది.

"మీరూ రండమ్మా" అన్నాడు డ్రైవరు.

"లేదండీ, నాకు పనుంది" అంది స్కానరక్క. తీగ చుట్టి, మెషీను సంచీలో పెట్టుకుని సందు చివరికి నడిచింది. బస్సెక్కి సగం దూరం వచ్చాక గాని గుర్తురాలేదు, తనకు పనేమీ లేదని.

*

ఆరింటికల్లా గది మెట్లెక్కింది. ఈ వేళప్పుడు ఎన్నడూ రాలేదు. తలుపు వెనక ఫ్యాను గరగర తిరుగుతోంది. పొద్దున్న ఎనిమిదింటి నుంచి, అంటే పది గంటలు. కదిలిన దూరం సున్నా. ఆమె సంచీ కింద పెట్టి, మంచం మీద కూచుని, కొంచెంసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి ఆపేసింది.

రెక్కలు నెమ్మదిగా, ఇష్టంలేనట్టుగా ఆగాయి. గది ఇంత చిన్నదా అనిపించింది. ఉక్కపోసింది. ఇక ఈ నిశ్శబ్దంలో ఎలా కూచోవడమా అని భయపడుతుండగా కింద కుట్టుమిషను టకటక వినిపించింది. దాని మధ్యన దర్జీ భార్య గొంతు.

"పైనావిడ ఇవాళ పెందలాడే వచ్చింది. రోజూ ఏడున్నర దాటుతుంది."

"ఒంట్లో బాగాలేదేమో. అడగకపోయావా?" దర్జీ గొంతు.

"రోజూ మెట్లెక్కే చప్పుడు వినగానే వచ్చారా అక్కా అని పిలుస్తూనే ఉంటాను. పలకదు. గర్వమేమో అనుకుని ఊరుకున్నాను."

"ఆ ఫ్యాను రొదలో వినబడి చావొద్దూ?"

"అవునూ, ఫ్యాను ఆగిందేమిటండీ? పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది కదా! ఏమైందో ఏమో, ఒకసారి పైకెళ్ళి చూడనా?"

స్కానరక్క తలుపు తీసుకుని మెట్ల మీదికి వచ్చింది. ఆరేళ్ళుగా కిందనించి ఎవరో తన రాకపోకలు చదువుతున్నారు. తన రెండో పేజీ వాళ్ళ దగ్గర ఉంది. 

"నాకేం కాలేదండీ. బాగానే ఉన్నాను" అంది కిందికి వంగి. ఇంకా ఏదో మిగిలినట్టుంటే కమ్మీ పట్టుకుని, అదీ అనేసింది. "కిందికి రావచ్చా?"

కుట్టుమిషను ఆగింది.

"అదేం మాటక్కా, అడగాలా! చూసుకుని దిగండి, మూడో మెట్టు ఊగుతుంది."

మూడో మెట్టు ఊగుతుందని ఆమెకు ఆరేళ్ళుగా తెలుసు. అయినా "అలాగేనమ్మా" అని, చూసుకుంటూ దిగింది.